వెనక తలుపు ఒప్పందం

పొగ వాసన ముందు నా ముక్కుకే తగిలింది. ఇస్త్రీ బల్ల నా కుట్టుమిషన్ పక్కనే ఉంటుంది కాబట్టి అందులో నా గొప్పతనమేమీ లేదు.

ఆ రోజు షాపుకి సెలవు. సెలవంటే కొనేవాళ్లకే, మాకు కాదు. నెలకోసారి ఇలా సెలవు రోజున సరుకు లెక్క చూస్తారు. మూడంతస్తుల బట్టల షాపులో ఉన్న ప్రతి చొక్కా, ప్రతి దుప్పటి, ప్రతి కర్టెన్ కిందికి దించి, లెక్కపెట్టి, మళ్లీ మడతపెట్టి పైకెక్కించాలి. నేను మూడో అంతస్తులో టైలర్‌ని. కొన్న ప్యాంట్ల పొడవు తగ్గించడం, అద్దం ముందు కడుపు లోపలికి పీల్చుకునే పెద్దమనుషులకి నడుము దగ్గర గుట్టుచప్పుడు కాకుండా గుడ్డ వదలడం నా పని. చేరి ఎన్నాళ్లో కాలేదు. లెక్క రోజు పనికి రావడం అదే మొదలు.

"ఏదో కాలుతోంది" అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. లెక్కపెట్టేవాళ్ల చెవుల్లోకి వాళ్ల అంకెలు తప్ప ఇంకేమీ దూరవు. అంతలోనే ఇస్త్రీ పెట్టె ప్లగ్గు దగ్గర చిటపటమంది. గోడకున్న స్విచ్చుబోర్డు నల్లబడి, కరిగి, ఒక బొట్టు కిందికి జారింది. చొక్కాల మీంచి తీసి పడేసిన పాలిథిన్ కవర్ల గుట్ట సరిగ్గా దాని కిందే ఉంది. తర్వాత నేను చూసింది మంట. నా నడుమెత్తు మంట.

గట్టిగా అరిచానట. వాళ్లే చెప్పారు తర్వాత, నాకైతే నా గొంతు వినపడలేదు. దుప్పట్ల కౌంటర్‌లో పనిచేసే పొడుగావిడ పరిగెత్తుకెళ్లి మెయిన్ స్విచ్ ఆపేసింది. నేను మిగతాది చూడ్డానికి ఆగలేదు. వెనకవైపు తలుపు మీద ఆకుపచ్చ బోర్డు ఉంది, పరిగెత్తే మనిషి బొమ్మతో. ఆ బొమ్మ ఎటు పరిగెడుతోందో నేనూ అటే పరిగెత్తాను. తలుపు తోశాను. కదల్లేదు. తడిమి చూస్తే అడ్డంగా ఇనప కడ్డీ, దాని రెండు చివర్లా రెండు తాళాలు. మెట్లు దూకుతూ కిందికి వెళ్లాను. ముందు షట్టర్ దించేసి ఉంది. ఎత్తబోయాను, లాగాను, రెండు చేతులతో బాదాను. బయటినుంచి తాళం. వాచ్‌మన్‌ని పిలిచాను. పలకలేదు. టీ తాగడానికి వెళ్లాడని తర్వాత తెలిసింది.

మేమంతా లోపల. తాళం బయట. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకునేసరికి షట్టర్ దగ్గరే కూలబడ్డాను.

కాసేపటికి మళ్లీ పైకి వెళ్లాను. వెళ్లక చేసేదేముంది, ఇంకో దారి లేదుగా. మంట ఆరిపోయింది. పొడుగావిడ మందపాటి దుప్పటొకటి దాని మీద పరిచి కాళ్లతో తొక్కేసిందట. కిటికీలకి ఏసీ చల్లదనం పోకుండా అద్దాలు బిగించేశారు కాబట్టి పొగ ఎటూ పోక నెత్తి మీదే వేలాడుతోంది. ఆ పొగలో నిలబడి మా వాళ్లు అట్టముక్కలతో విసురుకుంటూ, "డబుల్ దుప్పట్లు ఎక్కడిదాకా వచ్చాం?" అని ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు.

నన్ను చూసి పొడుగావిడ నవ్వింది. "ఏం టైలరమ్మా, అంత పరుగు? రైలు వెళ్లిపోతోందా?"

అందరూ నవ్వారు. దగ్గుతూ నవ్వారు. నాకు మంట చూసినప్పటికంటే ఆ నవ్వు చూసినప్పుడు ఎక్కువ భయమేసింది.

"బయట తాళం వేసి ఉంది. తెలుసా మీకు?" అన్నాను.

"లెక్క రోజు కదా. వెయ్యరా మరి?" అంది సాక్సుల కౌంటర్‌ ఆవిడ. మాటమాటకీ తప్పులు దిద్దుతుంది కాబట్టి ఆవిణ్ణి అందరూ టీచరమ్మ అంటారు. "ఇటు రా, నువ్వు తలగడ గలీబులు లెక్కపెట్టు. నోరు మూసుకుని లెక్కపెట్టు, మర్చిపోతున్నాం."

తలగడ గలీబులు లెక్కపెట్టాను. తప్పు లెక్కపెట్టానని మళ్లీ పెట్టించారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మా అక్క రెండో అంతస్తులో ఉంది. షాపులో ఆడవాళ్లందరికీ పెద్ద తనే. తనకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. నాకు జడ వేసింది, బడికి పంపింది, మొదటిసారి మిషన్ మీద కూర్చోబెట్టి కాలు ఎలా ఆడించాలో చూపించింది అక్కే. నేను పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ మూతపడితే షాపు ఓనరు సార్‌ని బతిమాలి నన్ను ఇక్కడ పెట్టించింది కూడా తనే. అలాంటి అక్కని ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ దారంతా దులిపేశాను. నాకు ముక్కు మీద కోపం, ఆ సంగతి తనకి కొత్త కాదు.

"ఆయనకేమన్నా మతి పోయిందా? మనుషుల్ని లోపల పెట్టి తాళం వేస్తాడా? వెనక తలుపుకి రెండు తాళాలా? ఒకటి చాలదా మనల్ని చంపడానికి?"

అక్క వీధి మలుపు తిరిగాక ఆగింది.

"నువ్వు రాకముందు సంగతి నీకేం తెలుసు?" అంది. "రోజూ షాపు మూసేటప్పుడు ముందు తలుపు దగ్గర ఒక పరదా కట్టేవాళ్లు. ఒక్కొక్కళ్లం దాని వెనక్కి వెళ్లి చేతులెత్తాలి. వెతకడానికి ఒకావిడని పెట్టారు. ఆవిడ చెయ్యి పెట్టని చోటు లేదు. నెలసరి రోజుల్లో కూడా వదిలేది కాదు. 'ఇదేంటే, గుడ్డా?' అని అడిగేది, పైకి వినపడేలా. పరదాకి ఇవతలే మగవాళ్లు నిలబడి ఉండేవాళ్లు."

నా కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అక్క ఇంత మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేను ఫ్యాక్టరీలో ఉన్న ఆ రోజుల్లో తన ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర నా కబుర్లన్నీ విని, "షాపులో ఏంటి విశేషాలు?" అని అడిగితే "ఏముంటాయి, బట్టలు" అనేది.

"ఒకరోజు పొద్దున్నే అందరం వచ్చి షాపు మెట్ల మీద కూర్చున్నాం. లోపలికి రామన్నాం. సార్ వచ్చారు. మరి సరుకు పోతే ఎవరిది పూచీ అన్నారు. నేనే చెప్పాను. మా ఒంటి మీద చెయ్యి వెయ్యకండి, కావాలంటే తలుపులకి తాళాలు వేసుకోండి. వెనక దారి మూసెయ్యండి, అందరం ముందు నుంచే, అందరూ చూస్తుండగానే వెళ్తాం. లెక్క రోజున షట్టర్‌కి బయట తాళం పెట్టుకోండి. అంతే. ఆ రోజు నుంచి ఒక్కదాని మీద కూడా చెయ్యి పడలేదు."

"అంటే ఆ ఆలోచన నీదా?"

"నాదే. వెనక తలుపు తాళాలు కొనుక్కొచ్చింది కూడా నేనే. సార్ మనసు మార్చుకుంటారేమోనని ఆ పూటే వెళ్లి తెచ్చా. మంచి తాళాలు."

మంచి తాళాలు. అక్క ఆ మాట గర్వంగానే అంది. నన్ను పెంచిన మనిషి మా అందరి చావుకీ ఏరి కోరి మంచి తాళాలు తెచ్చిందనుకోవాలో, అందరి మానం కాపాడిందనుకోవాలో తెలియక, వీధి మధ్యలో నోరు తెరుచుకుని నిలబడ్డాను. వెనకనుంచి సైకిలతను బెల్లు కొట్టి తిట్టి వెళ్లాడు.

మర్నాడు సార్ దగ్గరికి వెళ్లాను. సార్ మంచి మాటకారి. ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి పిల్లాడు ఏ క్లాసో ఆయన నోటి మీద ఉంటుంది. నన్ను కూర్చోమన్నారు. చెప్పిందంతా తల ఊపుతూ విన్నారు.

"బోర్డు మార్పించేశాగా అమ్మా" అన్నారు. నిజమే, కొత్త బోర్డు వచ్చింది. పాత వైర్లకే బిగించారు. ఇస్త్రీ పెట్టె కాసేపు వాడితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది.

"బోర్డు సరే సార్. తాళాల సంగతి?"

"తాళాలు నేనడిగినవి కాదమ్మా. మీ అక్క అడిగింది, కాదనలేకపోయాను. ఇప్పుడు నువ్వు వద్దంటున్నావు. తీసేద్దాం. ఈ క్షణమే తీసేద్దాం. పాత పద్ధతి మళ్లీ పెట్టుకుందాం. మీ వాళ్లందర్నీ ఒక్క మాట అడిగి చెప్పు, చాలు."

"పాత పద్ధతీ వద్దు సార్. తాళంచెవితో ఒక మనిషిని తలుపు దగ్గర కూర్చోబెట్టండి."

"ఆ మనిషి చేతివాటం చూపిస్తే ఎవరు చూస్తారు?" అని చల్లగా అడిగి, మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపారు.

నీళ్లు తాగి వచ్చేశాను. మాటలతో గొంతు నులిమేవాళ్లు ఉంటారని వినడమే గానీ, మంచినీళ్లు కూడా ఇచ్చి నులుముతారని నాకు తెలీదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా వాళ్లని అడిగాను. అడక్కుండా ఉంటే బాగుండేది. డబ్బాల మూతల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

"నువ్వెప్పుడైనా చేతులెత్తి నిలబడ్డావా?" అంది పొడుగావిడ. రైలు వెళ్లిపోతోందా అని నవ్విన మనిషేనా అనిపించింది. కళ్లు ఎర్రబడిపోయాయి.

"లేదు. కానీ ఆ రోజు మంట..."

"మంట ఎప్పుడో వస్తుంది. రాకపోనూవచ్చు. ఆ చెయ్యి రోజూ వచ్చేది" అంది టీచరమ్మ.

అక్క తల వంచుకుని తింటోంది. నేను తెచ్చుకున్న డబ్బా మూత తీయకుండానే మళ్లీ సంచిలో పెట్టేశాను. ఆ తర్వాత ఒక వారం నా నోరు నేనే కుట్టేసుకున్నాను. టీచరమ్మ అన్న మాటకి జవాబు వెతికాను. మిషన్ తొక్కుతూ వెతికాను, అన్నం వండుతూ వెతికాను. దొరకలేదు. ఆ మాట తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

ఒకరోజు ఒక పెద్దావిడ కూతురితో కలిసి దుప్పట్లు కొనడానికి వచ్చింది. మోకాళ్ల నొప్పులేమో, ఒక్కో అడుగూ ఆలోచించుకుని వేస్తోంది. కూతురు కిందికి డబ్బు కట్టడానికి వెళ్లింది. లిఫ్ట్ దగ్గర జనం ఉన్నారు. పెద్దావిడ అటూ ఇటూ చూసి, ఆకుపచ్చ బోర్డు కనిపిస్తే నెమ్మదిగా అటు వెళ్లింది. తలుపు తోసింది. మళ్లీ తోసింది. నా వైపు తిరిగింది.

"ఏమ్మా, బొమ్మ పరిగెడుతోంది గానీ తలుపు రావట్లేదేంటి?"

"ఆ తలుపు తియ్యరండీ. ఇటు రండి" అన్నాను.

అని, మిషన్ మీద అలాగే ఉండిపోయాను. ఎంత తేలిగ్గా అన్నానో! ఆ గొంతు నాది కాదు. "లెక్క రోజు కదా, వెయ్యరా మరి?" అన్న గొంతది. ఒక్క వారంలో నాకూ అలవాటైపోయింది. షట్టర్ బాది బాది వాచిపోయిన నా చేతుల నొప్పి ఇంకా పూర్తిగా తగ్గనేలేదు, అప్పుడే నేను ఒక ముసలావిడకి చావు తలుపు చూపించి, ఇటు రండి అని మర్యాద చేస్తున్నాను.

ఇంకో మాట కూడా అప్పుడే తట్టింది. మానం కోసం తాళం వేసుకుంది మేము. మా ఒప్పందం మాది. ఈ పెద్దావిడ ఎవరితో ఏం ఒప్పుకుందని? దుప్పటి కొనుక్కుందామని వచ్చింది పాపం. రోజూ వందమంది వస్తారు ఇలా, ట్రయల్ రూముల్లో పిల్లల్ని నిలబెట్టి చొక్కాలు తొడుగుతుంటారు, వాళ్లెవరికీ మేము చెప్పలేదు.

ఆ సాయంత్రం మా వీధిలోనే ఉన్న అక్క ఇంటికి వెళ్లాను. ఆరిన బట్టలు మడతపెడుతోంది. షాపులో రోజంతా మడతలు పెట్టి వచ్చినా ఇంట్లో కూడా అంచులు కలిపి అదే తీరున పెడుతుంది.

"రేపు ఫైర్ ఆఫీసుకి వెళ్తున్నాను. చెప్పకుండా వెళ్లడం ఇష్టం లేక వచ్చా" అన్నాను.

చేతిలో ఉన్న చొక్కా అలాగే పట్టుకుంది. "నీ మీద చెయ్యి పడలేదు. అందుకే నీకు మంట కనిపిస్తోంది."

"నాకు నువ్వు కాలిపోవడం కనిపిస్తోంది అక్కా."

"పోతే పోతాం. మానంతో పోతాం."

నిదానంగా అంది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. తిట్టి ఉంటే తిట్టించుకునేదాన్ని. చావు గురించి బజారు నుంచి ఏం తేవాలో చెప్పినట్టు చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. లేచి తన చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకుంది.

"వెళ్తే మాత్రం మళ్లీ నా గడప తొక్కకు" అంది. చొక్కా మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టింది.

వెళ్లాను. కొరివితో తల గోక్కుంటున్నానని తెలిసే వెళ్లాను. ఆఫీసులో నన్ను నాలుగు టేబుళ్లు తిప్పి, రేపు రమ్మంటారని అనుకున్నాను. అలా కాలేదు. బట్టతల ఆఫీసరొకాయన టీ కప్పు పక్కన పెట్టి మొత్తం విన్నాడు. షట్టర్‌కి బయట తాళమన్నప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "లోపల మనుషులుండగానా?" అని రెండుసార్లు అడిగాడు. ఇన్నాళ్లకి ఒక మనిషి నాలాగే అదిరిపడటం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"పేరు చెప్పకపోయినా ఫర్వాలేదమ్మా" అన్నాడు.

చెప్పకపోతే బాగుండునని నాకూ ఉంది. కానీ పేరు లేకపోతే అందరి మీదా అనుమానం పడుతుంది, ముందు అక్క మీద పడుతుంది. చెప్పేశాను. తాళాలు ఎవరు వేశారని అడిగితే మాత్రం "షాపువాళ్లు" అన్నాను. తర్వాత, పోయేముందు, వెతకడం సంగతి కూడా చెప్పాను. ఆయన మొహం ఇబ్బందిగా పెట్టాడు.

"అది మా చేతిలో లేదమ్మా. మేము తలుపు వరకే."

వాళ్లు మర్నాడే వచ్చారు, ముగ్గురు. సార్ నవ్వుతూ ఎదురెళ్లారు. పైకి తీసుకొచ్చారు, వెనకే రెండో అంతస్తు నుంచి అక్క కూడా వచ్చింది. మేమంతా కౌంటర్ల వెనక బొమ్మల్లా నిలబడిపోయాం. ఎవరూ నా వైపు చూడలేదు, అంటే అందరికీ తెలిసిపోయిందన్నమాట.

"వెనక తలుపు తియ్యండి" అన్నాడు ఆఫీసరు.

"తప్పకుండా" అని సార్ మేనేజర్ని చూశారు. మేనేజర్ కిందికి పరిగెత్తాడు. తాళంచెవులు రాలేదు. సార్ తన సొరుగులో వెతికించారు. క్యాష్ కౌంటర్‌లో వెతికించారు. వెనకటి మేనేజర్‌కి ఫోన్ చేయించారు. ఆయన ఎప్పుడో మానేసి వెళ్లిపోయాడు, ఆ తాళంచెవులు తన హయాంలోనే కనిపించలేదన్నాడు.

నేను అక్కనే చూస్తున్నాను. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, మీ చేతికిచ్చానుగా" అంది. అందరి ముందూ, గొంతు పెంచకుండా. "సొరుగులో పెట్టుకున్నారుగా. ఏమన్నా అయితే మీరొచ్చి తీస్తానన్నారుగా సార్."

సార్ వినిపించుకోనట్టు ఫోన్ చూసుకున్నారు.

కడ్డీని కట్టింగ్ మిషన్‌తో కోశారు. నిప్పురవ్వలు లేస్తుంటే పొడుగావిడ చెవులు మూసుకుంది. తలుపు లాగితే అవతలినుంచి అట్టపెట్టెలు ఆఫీసరు కాళ్ల మీద పడ్డాయి. మెట్ల నిండా, పైకప్పు దాకా అట్టపెట్టెలే. పాత హ్యాంగర్లు, విరిగిన ప్లాస్టిక్ బొమ్మలు, ఎవరూ కొనని సరుకు. అటువైపు మెట్లకి కింద, వెనక వీధిలోకి, ఇంకో తలుపుందట. అటునుంచి తెచ్చి నింపించారు సార్. తాళంచెవులున్నా, తాళాలు తీసినా, అటునుంచి పిల్లి కూడా దిగేది కాదు.

అక్క ఒక్క అడుగు ముందుకేసి ఆ పెట్టెల్ని చూసింది. చెయ్యి పెట్టి ఒకదాన్ని తోసి చూసింది, నిజంగా ఉన్నాయా అన్నట్టు. "ఇవెప్పుడు పెట్టారు?" అంది. ఎవర్ని అడిగిందో తెలీదు. ఇన్నేళ్లు తను కాపలా కాసిన ఒప్పందంలో అవతలివాడు తన వంతు ఎప్పుడో చెత్తబుట్టలో పడేశాడని మా అక్కకి అక్కడ, అందరి ముందు తెలిసింది. నేను గెలిచానని సంతోషపడాలి. నాకు తలకొట్టేసినట్టయింది.

పెట్టెలన్నీ తీసేదాకా షాపు తెరవొద్దన్నారు. లోపల మనుషులుండగా షట్టర్‌కి తాళం పడితే షాపే మూయిస్తామన్నారు. స్విచ్చుబోర్డుల వైర్లన్నీ మార్చమన్నారు. అన్నీ జరిగాయి. సార్ దగ్గరుండి చేయించారు. వెనక మెట్లు కడిగించారు కూడా. మూడో రోజుకల్లా షాపు తెరిచారు, ఆకుపచ్చ బోర్డు కింద తలుపు వేలితో లాగితే తెరుచుకుంటోంది. అక్క నాతో మాట్లాడటం లేదు. ఎవరూ మాట్లాడటం లేదు.

ఆ సాయంత్రం షాపు మూసే వేళకి సార్ మమ్మల్నందర్నీ కిందికి పిలిచారు. ముందు తలుపు దగ్గర పరదా కట్టి ఉంది. కొత్త పరదా, మా కర్టెన్ల కౌంటర్ నుంచి తీసిందే.

"చట్టం చట్టమే. తలుపులు తెరిచే ఉండాలి, మంచిదే" అన్నారు సార్. "మరి సరుకు సంగతి నేను చూసుకోవాలిగా. కంగారుపడకండి, పాతావిడ రాదు. పరాయి మనిషెందుకు? మీ అక్కే చూస్తుంది. మీలో మీకు మర్యాదగా ఉంటుంది."

నేను అక్క వైపు చూశాను. ఛీ పొమ్మంటుందనుకున్నాను. మెట్ల మీద అందర్నీ కూర్చోబెట్టిన మనిషి కదా. అక్క నేల చూస్తూ నిలబడింది. సార్ ముందే చెప్పి ఉంటారని అప్పుడర్థమైంది. తను కాదంటే ఆ పాతావిడే వస్తుంది.

"ముందు టైలరమ్మ" అన్నారు సార్, నవ్వుతూనే.

పరదా వెనక్కి వెళ్లాను. అక్క వచ్చింది. పరదా అవతల మగవాళ్ల చెప్పులు కనిపిస్తున్నాయి.

"చేతులెత్తు" అంది.

ఎత్తాను. ఆ మాటకి చేతులు ఎంత బరువెక్కుతాయో నాకప్పుడు తెలిసింది. అక్క చెయ్యి నా భుజం మీద పడింది, చంకల్లోకి, పక్కటెముకల మీదికి, నడుం చుట్టూ, తొడల మీదికి వెళ్లింది. వదిలేస్తుందనుకున్నాను. ఒక్క చోటు కూడా వదల్లేదు. చిన్నప్పుడు నాకు నీళ్లు పోసిన చేతులవి. సిగ్గుతో నాకు చెవులు దిబ్బళ్లు పడ్డాయి. ఇన్నేళ్లు వీళ్లు ఇది పడ్డారా? రోజూ పడ్డారా? పడి, ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టిందా అక్క? టీచరమ్మకి నేను వెతికిన జవాబు ఎందుకు దొరకలేదో అప్పుడు తెలిసింది.

అయిపోయింది. చేతులు దించాను. బయటికి వెళ్లబోతే అక్క ఆపింది.

"ఇప్పుడు నన్ను చూడు" అని చేతులెత్తింది.

"అక్కా, వద్దు."

"నేనూ ఈ షాపులోదాన్నేగా. చూడు."

నా చేతులు కదల్లేదు. అక్కే నా మణికట్లు పట్టుకుని తన పక్కటెముకల మీద పెట్టింది. వెతికాను. నడుం వెనక, రవిక కింద, నొప్పికి అంటించుకునే పట్టీ ఒకటి తగిలింది. దాని పక్కన ఇంకోటి. పాతవి, అంచులు లేచిపోయినవి. ఎన్నాళ్లుగా వేసుకుంటోందో నాకు తెలీదు. ఏ నొప్పో తెలీదు. ఒకే వీధిలో ఉంటాం, రోజూ కలిసి నడుస్తాం.

"ఏమన్నా ఉందా?" అని పరదా అవతలినుంచి సార్ అడిగారు.

అక్కే చెప్పింది, "ఏమీ లేదు సార్" అని. రవిక సర్దుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత నా కళ్లలోకి సూటిగా చూసింది. గుసగుసగా కాదు, పరదా అవతల అందరికీ వినపడేలా అంది.

"మంటకి ఆఫీసుందని వెళ్లావుగా. దీనికి ఏ ఆఫీసో కూడా కనుక్కో. ఈసారి ఇద్దరం వెళ్దాం."

అవతల చెప్పుల చప్పుడు ఆగిపోయింది. వరసలో తర్వాత ఉన్న పొడుగావిడ పరదా పక్కకి లాగి లోపలికి తల పెట్టింది.

"ఇద్దరేంటి? నేనూ వస్తా" అంది.